ఊలు సరిపోతుందా?

మా ఆయన నా లెక్కల ట్యూషన్‌ని తన ఆఫీసుతో పోల్చి ఏడిపించేవారు. "మా మినిస్ట్రీలోనూ ఇదే పద్ధతి. ప్రశ్నతో వెళ్ళిన ఫైలు ఇంకో ప్రశ్నతో తిరిగొస్తుంది. జవాబు మాత్రం ఎవరూ రాయరు" అనేవారు. సెక్షన్ ఆఫీసరు కదా, ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. నాకు ఒళ్ళు మండేది. "ఫైలు తిరిగొస్తే మీరు టీ తాగుతారు. నా దగ్గర పిల్లలు ఆలోచిస్తారు" అనేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. దక్షిణ ఢిల్లీలో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మెట్రో ఇంకా మా వైపు రాలేదు. పెళ్ళికి ముందు విజయవాడలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పిన అలవాటు కొద్దీ సాయంత్రాలు మా ముందుగదిలో చాప పరిచి పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. ఆ గదిలో ఒకటే నియమం. జవాబు నా నోటి నుంచి రాదు. పిల్లవాడు "సున్నా సరిసంఖ్యా ఆంటీ?" అంటే, "నువ్వు దేన్ని సరిసంఖ్య అంటావు?" అనేదాన్ని. వాడు జుట్టు పీక్కునేవాడు. చివరికి వాడే చెప్పేవాడు. చెప్పాక వాడి మొహంలో వచ్చే వెలుగు కోసమే నేనా పని చేసేదాన్ని. తల్లుల్లో కొందరికి ఇది నచ్చేది కాదు. డౌట్లు తీరుతాయని పంపితే కొత్త డౌట్లు మోసుకొస్తున్నాడని ఒకావిడ పిల్లవాణ్ణి మాన్పించేసింది కూడా.

ఒక డిసెంబరు సాయంత్రం పై అంతస్తులో ఉండే నర్సు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళది ఒంగోలు వైపు. ఆవిడ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, భర్తకి ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చికి ముగ్గురూ తెల్లటి బట్టల్లో బయల్దేరడం చూసేదాన్ని తప్ప పెద్దగా మాటల్లేవు. డ్యూటీ చీరలోనే కూర్చుని, గ్లాసులో టీ చల్లారిపోతుంటే చెప్పుకొచ్చింది.

"ఎనిమిదో క్లాసక్కా. హాఫ్ ఇయర్లీలో లెక్కలు పోయినాయి. ఫైనల్లో కూడా పోతే అదే క్లాసులో కూర్చోబెడతామన్నారు. మా ఆడబిడ్డ గుంటూరులో ఉంది. పాసు కాకపోతే జూన్‌లో తీసుకొచ్చి అక్కడ హాస్టల్లో చేర్పించమంటా ఉంది. రాత్రీపగలూ రుద్దుతారంట."

"నీకిష్టమేనా?" అన్నాను.

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను ఐదో క్లాసు నించీ హాస్టల్లోనే పెరిగినా. తర్వాత నర్సింగ్ హాస్టలు. అమ్మ చేత్తో అన్నం తిన్న రోజులు నాకు గుర్తే లేవక్కా. దాన్నీ అక్కడికే పంపాలంటే నాకెట్లుంటదో మీరే చెప్పండి. కానీ నా డ్యూటీలతో దాన్ని కూర్చోబెట్టి చదివించేదెవరు?"

కూతురు గుమ్మం దగ్గరే నిలబడి తలుపు గొళ్ళెంతో ఆడుకుంటోంది. తల్లి ఏడుస్తుంటే చూడనట్టు నటించే వయసు. నాకు ఇద్దరి మీదా ఒకేసారి ప్రేమ పుట్టింది. రేపట్నుంచి పంపమన్నాను.

ఆ పిల్లకి తెలుగు అర్థమయ్యేది, మాట్లాడేది మాత్రం హిందీ. దాని నోట ఎక్కువగా వచ్చే మాట "పతా నహీ ఆంటీ". తెలియదని. చాప మీద అందరికంటే వెనక కూర్చునేది. మొదటి వారంలో ఒక లెక్క ఇచ్చాను. పన్నెండు మంది ఒక పనిని పదిహేను రోజుల్లో చేస్తే, పద్దెనిమిది మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? పెన్సిలు కాసేపు నమిలి, పది అని రాసింది. సరిగ్గానే రాసింది. సంతోషపడి అలవాటు ప్రకారం అడిగాను. "పది ఎలా వచ్చింది?"

అంతే. రబ్బరు తీసి గబగబా చెరిపేసింది. ఇరవై రెండున్నర అని రాసింది.

"మనుషులు పెరిగితే పని ఇంకా ఆలస్యమవుతుందా?" అన్నాను.

"మా ఆఫీసులో అవుతుంది" అన్నారు లోపల్నుంచి మా ఆయన.

పిల్లలందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఇరవై రెండున్నర కూడా చెరిపేసి, పెన్సిలు పట్టుకుని నా నుదుటి వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడు గమనించాను, అది లెక్క వైపు చూడటం లేదు. నా కనుబొమలు ఎటు లేస్తే అటు వెళ్దామని చూస్తోంది. ఆ చూపుకి నాకు చిరాకేసింది. లెక్క పుస్తకంలో ఉంటే నా మొహం మీద వెతుకుతుందేమిటి?

రెండు మూడు రోజులు ఇదే తంతు. తప్పు జవాబుకి ఎలా అని అడిగినా చెరిపేసేది, ఒప్పు జవాబుకి అడిగినా చెరిపేసేది. చివరికి మిగతా పిల్లలు వెళ్ళిపోయాక దాన్ని వంటింట్లోకి పిలిచి, చిక్కుడుకాయలు ఒలుస్తూ, మొహం అటు తిప్పుకునే అడిగాను. ఎందుకలా చెరిపేస్తావని.

అది కాయల వైపే చూస్తూ చెప్పింది. "స్కూల్లో మేడమ్ 'ఆర్ యు ష్యూర్' అంటే గలత్ అని ఆంటీ. రైట్ హోతా తో పూఛ్‌తీ హీ నహీ. నెక్స్ట్ అనేస్తుంది."

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల మందమతి కాదు. దాని లెక్క దానికి పక్కాగా ఉంది. ఒప్పయితే ఎవరూ అడగరు, అడిగారంటే తప్పనే అర్థం. ఎనిమిదేళ్ళ బడిలో ఇన్ని గదుల్లో ఇంతమంది టీచర్లని చూసి తనంతట తాను తేల్చుకున్న సూత్రం అది. ప్రశ్నలే నా సొత్తు అనుకుని మురిసిపోయేదాన్ని, ఈ పిల్లని నోరెత్తకుండా చేస్తున్నది ఆ ప్రశ్నలే. ఆ తర్వాత నుంచి ఒప్పు జవాబుకీ తప్పు జవాబుకీ ఒకే గొంతుతో ఎందుకు అని అడగడం సాధన చేశాను. మొహం బండరాయిలా పెట్టుకోవాలని చూశాను గానీ నా మొహం నా మాట వినేది కాదు. ఆ పిల్ల ఆ కొంచెం తేడాని కూడా పట్టేసేది.

ఈలోగా చలి ముదిరింది. ఢిల్లీ చలికాలం మా క్వార్టర్స్‌కి ఒక తిరునాళ్ళ. పొద్దున పది దాటగానే మధ్యలో ఉన్న పార్కులో ఎండ పడేది. పంజాబీ ఆడవాళ్ళందరూ నవారు మంచాలు, వేయించిన పల్లీలు, ఊలు బంతులు పట్టుకుని దిగేవారు. కబుర్లు ఆగేవి కావు, సూదులూ ఆగేవి కావు. మా ఆంధ్రా ఆడవాళ్ళం వాళ్ళ పక్కన చేరి పల్లీలు తినేవాళ్ళం. మా ఆయనకి ఒక కోరిక ఉండేది. ఆఫీసులో అందరూ భార్యలు అల్లిన స్వెట్టర్లు వేసుకొస్తారట, ఈయనొక్కడే కొన్నది. ఆ ఏడాది ఆ సరదా తీరుద్దామని బుధవారం సంతలో ముదురు ఆకుపచ్చ ఊలు, రెండు సూదులు కొన్నాను. ఆ రంగులో ఉన్న ఊలంతా అదేనని, మళ్ళీ రాదని ఊలమ్మే భయ్యా ముందే చెప్పాడు.

మా ఎదురింటి పంజాబీ ఆవిడ నా చేతులు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ దగ్గరే ఆ నర్సు కూతురు స్కూలు నుంచి వచ్చి, తల్లి డ్యూటీ దిగేదాకా ఉండేది. చిన్నప్పట్నుంచీ అంతే, ఆవిడ సూదుల పక్కనే పెరిగింది. ఆ రోజు సెలవు కాబట్టి పార్కులో ఆవిడ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. నేను సూది మీద ఉచ్చులు ఎక్కించి, దించి, చిక్కు పెట్టి, విసుక్కుని, మళ్ళీ ఎక్కిస్తుంటే అది చూడలేకపోయింది. దాని మొహంలో బాధ చూస్తే నేను ఊలుని కాదు, ఎవరినో కొడుతున్నానేమో అనిపించింది.

"ఆంటీ, ఐసే నహీ" అంది, అలా కాదని. లేచి వచ్చి నా చేతిలోంచి సూదులు తీసుకుంది.

ఆ వేళ్ళు కదులుతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. సూది మీది ఒక్కో ఉచ్చునీ ఫందా అంటారని చెప్పింది. ఒక వరుస సీదా, తిన్నగా; ఒక వరుస ఉల్టా, తిరగేసి. లెక్కపెడుతున్నట్టే ఉండదు, ఒక్క ఫందా జారితే మాత్రం తెలిసిపోతుంది.

"ఆయనకి సరిపోవాలంటే మొదటి వరుసలో ఎన్ని ఫందాలు వెయ్యాలి?" అన్నాను.

అలవాటుగా తలెత్తి నా నుదురు చూసింది. చూస్తూనే ఉంది. అక్కడ ఏమీ దొరకలేదు.

"మీకు సచ్చీ తెలీదా ఆంటీ?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతానే?"

అది నవ్వింది. దాని నవ్వు నేను చూడటం అదే మొదలు. చిన్న ముక్క అల్లి చూపించి, నాలుగు వేళ్ళ వెడల్పులో ఎన్ని ఫందాలున్నాయో నన్నే లెక్కపెట్టమంది. అంకుల్ ఛాతీ చుట్టూ అలాంటి నాలుగు వేళ్ళు ఎన్ని పడతాయో ఇంటికెళ్ళి కొలిచి రమ్మంది. ఛాతీ కంటే పొట్ట దగ్గరే ఎక్కువని కూడా గుర్తుచేసింది. నేను బుద్ధిగా వెళ్ళి కొలిచి వచ్చాను. మా ఆయన చక్కిలిగింతలు పెట్టకు అని గోల చేశారు.

ఆ రోజు నుంచి మాకో ఒప్పందం కుదిరింది. పార్కులో అది టీచరు, నేను స్టూడెంటు. ముందుగదిలో నేను టీచరు. పార్కులో నేను అడిగే ప్రశ్నలకి జవాబు నాకు తెలియదు, అది దానికి తెలుసు. అందుకే అక్కడ చెరపడాలు లేవు. తెలియక అడిగితే ఆ పిల్ల ఎంత బాగా చెబుతుందో, ఎంత ఓపికగా చెబుతుందో చూసి నాకు ముచ్చటేసేది. హిందీలో మొదలుపెట్టి, నాకు ఎక్కడం లేదనిపిస్తే తెలుగులోకి దిగేది. నా కోసం ఆ పిల్ల వెతుక్కుని మరీ తెలుగు మాటలు తెచ్చుకునేది.

సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు మా ఆయన పొట్ట విషయంలో నాకు అనుమానం వచ్చింది. ఇంకొంచెం వదులుగా ఉంటే బాగుంటుందేమోనని, అల్లింది విప్పేసి, మొదటి వరుస బాగా వెడల్పుగా మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యాహ్నం పార్కులోకి వచ్చిన ఆ పిల్ల స్కూలు బ్యాగు దింపకుండానే చూసి ఆగిపోయింది.

"సరిపోదు ఆంటీ."

"ఏం సరిపోదు?"

"ఊలు."

అంతకుముందు అల్లిందంతా విప్పిన చిరాకులో ఉన్నాను నేను. "ఆర్ యు ష్యూర్?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అది ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత ఊలు బంతుల వైపు చూసింది. "ష్యూర్" అంది. "ఉన్న ఊలు ఇంతే కదా. భయ్యా దగ్గర ఇంక లేదు. వరుస వెడల్పు చేస్తే, వరుసలు తక్కువ వస్తాయి. అంకుల్ పొట్ట చుట్టూ వస్తుంది, మగర్ కింద నడుము దాకా రాదు."

"ఎంత తక్కువ వస్తాయి?"

మంచం అంచు మీద వేలితో గీసి చూపించింది. వెడల్పు ఒకటిన్నర రెట్లు చేస్తే, పొడవు మూడు వంతుల్లో రెండు వంతులే వస్తుందని చెప్పింది.  వెంటనే ఇంట్లోకి పిలుచుకెళ్ళి, డిసెంబర్లో చెరిపేసిన ఆ పన్నెండు మంది లెక్కే మళ్ళీ చదివి వినిపించాను. "ఇందులో ఊలేది?" అని మాత్రం అడిగాను.

అది పుస్తకం ముందేసుకుని కూర్చుంది. నేను అన్నం వార్చి వచ్చాను. "పని" అంది. "పని ఊలు. అది మారదు. మనుషులు వెడల్పు. రోజులు పొడవు. మనుషులు ఒకటిన్నర రెట్లయ్యారు, రోజులు పది." చెప్పి, నా మొహం చూడకుండా పెన్సిలు కింద పెట్టేసింది. నాకు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకున్నాను కూడా.

స్వెట్టరు మళ్ళీ విప్పి, దాని లెక్క ప్రకారమే అల్లాను. చేతులు మాత్రం నా సొంత బుద్ధితో అల్లడం వల్ల ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వచ్చాయి. మా ఆయన పొడుగు చెయ్యి మడిచి వేసుకుని ఆఫీసుకి వెళ్ళారు.

మార్చిలో పరీక్షలయ్యాయి. ఫలితాలకి ముందు తల్లిదండ్రుల్ని పిలిచి పేపర్లు చూపించే రోజు నర్సు నా దగ్గరికి వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కళ్ళు. "మీరూ రండక్కా. ఆ మేడమ్ ఇంగ్లీషులో అడిగితే నాకు కాళ్ళు వణుకుతాయి" అంది. ఆపరేషన్ థియేటర్లో వణకని మనిషి అలా అంటే నవ్వొచ్చింది గానీ వెళ్ళాను. ముగ్గురం బస్సెక్కాం. గుంటూరు ఆడబిడ్డ హాస్టల్లో సీటు మాట్లాడి ఉంచిందని, ఊఁ అంటే చాలని దారిలో చెప్పింది. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

లెక్కల మేడమ్ చెడ్డమనిషేమీ కాదు. బల్ల మీద కాగితాల గుట్ట, బయట వరండాలో తల్లుల క్యూ. పేపరు మా వైపు తిప్పి, ఒక చోట ఎర్ర ప్రశ్నార్థకం చూపించింది. హాస్టల్లో ఇంతమందికి ఇన్ని రోజులకి సరిపడే సరుకులున్నాయి, ఇంకొందరు చేరితే ఎన్ని రోజులొస్తాయి అన్న లెక్క. హాస్టలన్న మాట వినగానే తల్లి నా చెయ్యి పట్టుకుంది. జవాబు సరిగ్గానే ఉంది. కానీ క్లాసులో చెప్పిన స్టెప్పులు లేవు. ఒక పొడుగాటి దీర్ఘచతురస్రం, దాని పక్కన వెడల్పాటి పొట్టి దీర్ఘచతురస్రం గీసి, కింద రెండు లైన్లు రాసి ఉంది. ఆ లెక్కకి మార్కులిస్తే పాసు, లేకపోతే లేదు. మేడమ్ ఆ సంగతి మొహమాటం లేకుండా చెప్పింది. పక్కదాని పేపర్లోంచి చూసిందేమో అన్న అనుమానం కూడా ఆ మాటల వెనక ఉంది.

ఆవిడ పిల్ల వైపు తిరిగింది. "ఈ జవాబు నీదేనా? ఆర్ యు ష్యూర్?"

 నేను నోరు విప్పకూడదు. విప్పితే ఆ జవాబు నాదైపోతుంది. పిల్ల తలెత్తి మేడమ్ మొహం చూసింది. పాత అలవాటే, ఆ నుదుటి మీద వెతుకుతోంది. ఆ పక్కనే బల్ల మీద రబ్బరు కూడా ఉంది. తర్వాత నెమ్మదిగా తల దించి, తను గీసిన బొమ్మల వైపు చూసుకుంది.

"ష్యూర్ మేడమ్. క్యోఁ, బతాఊఁ?" అంది, ఎందుకో చెప్పనా అని.

చెప్పింది కూడా. సరుకులు మారవని, అవి ఊలని, మనుషులు వెడల్పని, రోజులు పొడవని. మధ్యలో మేడమ్ ఒకటి అడిగింది. కొందరు హాస్టలు వదిలి వెళ్ళిపోతే? పిల్ల తడుముకోలేదు. వెడల్పు తగ్గి పొడవు పెరుగుతుందంది. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి, "స్వెట్టర్ అల్లడం నీకు వచ్చా?" అని అడిగి, ఎర్ర ప్రశ్నార్థకం కొట్టేసి మార్కులు వేసింది. ఇకనుంచి స్టెప్పులు కూడా రాయమంది. నెక్స్ట్ అంది.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాం. ఎండ చురుక్కుమంటోంది. నర్సు కాసేపు ఏడ్చింది, కాసేపు ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇంక పంపక్కర్లేదంటారా అక్కా? తొమ్మిదో క్లాసు ఇంకా కష్టమంట కదా. మా ఆడబిడ్డ సీటు మాట్లాడి పెట్టింది. ఏం చెయ్యమంటారు?"

నాకు జవాబు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటే కాపాడింది. "దాన్నెప్పుడైనా అడిగావా?" అన్నాను.

ఆవిడ తెల్లబోయి చూసింది. ఇన్ని నెలల్లో ఆడబిడ్డని అడిగింది, భర్తని అడిగింది, చర్చిలో పాస్టరుగారిని అడిగింది, నన్ను అడిగింది. కూతురి వైపు తిరిగి, ఎలా అడగాలో తెలియనట్టు కొంచెం ఆగి అడిగింది.

"నీకు హాస్టల్‌కి పోవాలనుందా?"

"లేదు మమ్మీ."

"ఎందుకు?"

ఆ పిల్ల చెరిపెయ్యలేదు. తల్లి మొహం చూస్తూనే తెలుగులో చెప్పింది. నాకోసం కాకుండా అది తెలుగులో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"నైట్ డ్యూటీ నుంచి నువ్వొస్తావు కదా. తలుపు నేనే తీస్తాను కదా. నేను లేకపోతే నువ్వు తాళం తీసుకుని లోపలికి రావాలి."

నర్సు చెయ్యి చాచి కూతురి బ్యాగు తీసి తన భుజానికి తగిలించుకుంది. బస్సు వచ్చింది, ఎక్కాం. ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటి ఫోన్లోంచే గుంటూరు చేసి, మా అమ్మాయి రావట్లేదు వదినా అని చెప్పింది. అటువైపు నుంచి ఎందుకని గట్టిగా అడుగుతున్నట్టు వినిపించింది. ఆవిడ తడబడకుండా కూతురు చెప్పిన కారణమే చెప్పింది.